అన్నదానకథలలో అన్నార్తుడు: శ్రీనాథుని వ్యాసభిక్షా ఘట్టముపై ఒక పరిశీలనము

మన సాహిత్యమున అన్నదాతను కీర్తింపని కవి అరుదు. ఇతిహాసములు, పురాణములు, శతకములు, శాసనములు అన్నియు అన్నము పెట్టిన చేతిని కొనియాడినవే. సత్రములకు భూములిచ్చిన రాజుల పేళ్ళు రాళ్ళపై నిలిచియున్నవి. కాని ఆ సత్రములలో భుజించినవాడెవడు? ఆకు ముందు కూర్చున్నపుడు అతని మనస్సెట్లుండెను? తృప్తుడై లేచిపోయెనా, తలవంచుకొని లేచిపోయెనా? ఈ ప్రశ్నలకు మన వాఙ్మయమున సమాధానము కలదా యని విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ విచారమునకు మమ్ము పురికొల్పినది గ్రంథము కాదు, తరగతి. శ్రీనాథుని కాశీఖండమునందలి వ్యాసభిక్షా ఘట్టమును మేము పెక్కేండ్లుగా బోధించుచున్నాము. తెలంగాణమున పదవతరగతి వాచకములో ‘భిక్ష’ యను పేర ఈ ఘట్టము పాఠ్యభాగమైనందున విద్యార్థులలో పలువురకు ఇది ముందే పరిచితము. కోపము తపస్సును చెఱచును, ఆకలిగొన్నను ధీరుడు నోరు జాఱరాదు. ఇదియే ఈ ఘట్టసారమని మేమును మా గురువులవలెనే చెప్పుచు వచ్చితిమి. ఒకనాడు పాఠము ముగిసిన పిమ్మట పరిశోధక విద్యార్థి యొకడు మావద్దకు వచ్చి, “సార్, వ్యాసుడి కోపం ఆకలిది కాదు సార్. తలుపుది” అనెను. అతడు వేఱొక పట్టణమున చదువుకొను దినములలో రెండేండ్లు దాతలు పంచిపెట్టు అన్నముతో గడిపినవాడట. “ఫొటో తీసేదాకా పళ్ళెం పట్టుకొని నిలబడాలి సార్. అప్పటిదాకా తినకూడదు. అన్నం మంచిదే పెట్టేవారు. కాని ఆ మెతుకు గొంతు దిగేది కాదు” అని చెప్పి ఊరకుండెను. ఆ రాత్రి మేము కాశీఖండమును మరల తెఱచితిమి. మేమిన్నాళ్ళు దానిని దాతవైపున కూర్చుండి చదివితిమని అపుడు తెలిసినది.

మొదట మన అన్నదాన కథల నిర్మాణమును పరికింపవలెను. తిక్కన ఆశ్వమేధిక పర్వములోని సక్తుప్రస్థుని కథ సుప్రసిద్ధము. ఏరుకొన్న గింజల పిండితో ప్రాణము నిలుపుకొను కుటుంబము, అతిథి రాగా ఒకరి వెంట ఒకరు తమ తమ పాళ్ళను అతనికి పెట్టివేసిరి. ధర్మరాజు చేసిన మహాయాగమే ఆ పేదకుటుంబపు దానమునకు సరిగాదని ముంగిస వచ్చి చెప్పును. పోతన నవమస్కంధములో రంతిదేవుని కథ చెప్పెను. నలువదియెనిమిది దినములు అన్నపానములు లేక కృశించిన రాజు, దొరకిన కొలది అన్నమును వచ్చినవారికి పంచి, తుదకు మిగిలిన నీటిని సైతము దప్పిగొన్న అంత్యజునకు ధారపోసెను. శ్రీనాథుడే హరవిలాసమున చిఱుతొండనంబి కథ చెప్పెను. అందు అతిథి కోరినది కన్నకొడుకు మాంసము. తండ్రి దానికిని వెనుదీయలేదు.

ఈ మూడు కథలకును ఒక సమానధర్మము కలదు. సక్తుప్రస్థుని యింటికి వచ్చిన అతిథి ధర్మదేవత. రంతిదేవుని ముందు నిలిచినవారు మాఱువేషములలోని దేవతలు. చిఱుతొండని పరీక్షించినవాడు సాక్షాత్తు శివుడు. అనగా ఈ కథలలో నిజముగా ఆకలిగొన్నవాడు అతిథి కాడు, దాతయే. అతిథి ఆకలి వేషమాత్రము. కావుననే అతని మనస్సులోనికి కవి తొంగిచూడ నక్కఱలేకపోయినది. దాత పరీక్షలో నెగ్గిన వెంటనే అతిథి తన నిజరూపము చూపును, పూలవాన కురియును, కథ ముగియును. దాతృత్వమునకు ఇవి పరమాదర్శములే. అందు సందియము లేదు. కాని అన్నార్తుని గూర్చి ఇవి మనకు తెలుపునది స్వల్పము. ఈ కథలనే వినుచు పెరిగిన సమాజమున, అన్నమునకై వచ్చినవానిని తన పుణ్యమునకు పరికరముగా చూచు అలవాటు ఏర్పడుట ఆశ్చర్యము గాదు.

వ్యాసభిక్షా ఘట్టము ఈ నిర్మాణమును తలక్రిందులు చేయుచున్నది. ఇందు దాత దేవత, అన్నార్తుడు మనుజుడు. అతడు సామాన్యుడు గాడు. వేదములను విభజించినవాడు, పురాణములను రచించినవాడు. అయినను ఆకలి అందఱికిని ఒక్కటియే. శ్రీనాథుడు ఈ కథను భీమేశ్వరపురాణములోను, కాశీఖండములోను చెప్పెను. ఒకటి బెండపూడి అన్నయామాత్యునకు, మఱియొకటి రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డికి అంకితము. ఒకే కథను రెండు కావ్యములలో చెప్పుట కవికి దానిపైగల మక్కువను తెలుపుచున్నది. శ్రీనాథుడు రాజాస్థానములలో సుఖించినవాడు మాత్రమే కాడు. పరదేశములలో అన్నోదకములకై ఇక్కట్లు పడినవాడని అతనివిగా ప్రచారమందున్న చాటువులు చెప్పుచున్నవి. పలనాటి జొన్నకూటిపై విసిగిన చాటువులు అందఱు నెఱిగినవే. అవి యెంతవఱకు అతనివో నిర్ణయించుట కష్టము. కాని పరుల యింటి కూడు తినువాని చిఱాకును శ్రీనాథునికి అంటగట్టుట లోకమునకు సహజముగా తోచినదనుట గమనింపదగినది.

ఘట్టమును వరుసగా చూతము. కాశిలో మధ్యాహ్నవేళ వ్యాసుడు శిష్యులతో భిక్షకు బయలుదేఱును. విశ్వనాథుని సంకల్పమువలన ఆనాడు ఎవరును భిక్ష పెట్టరు. ఈ నిరాకరణమును శ్రీనాథుడు ఒక్క మాటతో ముగించలేదు. ఇల్లిల్లు తిప్పి చూపెను. ఒక యింట ఇంకను వంట కాలేదందురు. ఒక యింట మరల రమ్మందురు. ఒక యింట నేడు దేవకార్యమందురు. ఒక యింట తలుపే తీయరు. ఈ నాలుగింటి క్రమమును మా విద్యార్థి మాట విన్న పిమ్మటనే మేము గమనించితిమి. మొదటిది ఆలస్యము, అందు ఆశ కలదు. రెండవది వాయిదా, ఆశ సన్నగిల్లినది. మూడవది దేవుని పేర చెప్పిన వంక. దానికి బదులు చెప్పుటకు వీలులేదు. నాలుగవ దానిలో మాటయే లేదు. లేదను మాటకును నోచుకొనకపోవుట అన్నిటికంటె కఠినము. అన్నమునకై నిలిచినవాడు మెట్టుమెట్టుగా మనిషితనమునుండి దిగజార్పబడు తీరు ఇది. ఆకలిని వర్ణించిన పద్యములు తెలుగున పెక్కులు గలవు. నిరాకరణమును ఇంత సూక్ష్మముగా వర్ణించినవి కొలదియే.

ఇదే సందర్భమున కవి మామూలు దినములలో కాశీ గృహిణులు భిక్ష పెట్టు విధమును కూడ చెప్పెను. ముంగిట గోమయముతో అలికి, మ్రుగ్గుపెట్టి, వచ్చినవానిని అర్చించి పెట్టుదురట. ఇది అలంకారార్థమైన వర్ణన కాదని మా యభిప్రాయము. భిక్ష యనగా అన్నము మాత్రమే కాదు, అన్నముతోపాటు ఒక స్థానము ఇచ్చుట యని ఇందు సూచన. అలికిన నేల అతనికై అలికినది. ఆ క్షణమున అతడు ఆ యింటికి కావలసినవాడు. కావున తలుపు మూయబడినపుడు వ్యాసుడు కోల్పోయినది పూటకూడు మాత్రమే కాదు, ఆ స్థానమును. మా విద్యార్థి అన్న మాటకు మూలగ్రంథమున ఈ ఆధారము దొరకినది.

రెండవనాడును అంతే. అపుడు వ్యాసుడు శపింపబూనును. కాశీవాసులకు మూడు తరములు ధనము, విద్య, మోక్షము లేకపోవుగాక యని అతని శాపము. పూర్వ వ్యాఖ్యాతలు దీనిని కోపాతిశయమునకు ఉదాహరణముగా చూపిరి. మేము దీనినే వేఱొక విధముగా చూచుచున్నాము. ఆకలి మనిషికి చేయునదేమి? కూడబెట్టుకొనలేడు, చదువుకొనలేడు, మనశ్శాంతి యుండదు. తల్లి పస్తుల ఫలము బిడ్డకు, ఆ బిడ్డ పెరిగి తల్లియైనపుడు ఆమె బిడ్డకు సంక్రమించునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. మూడు తరములను మాట లెక్కకు సరిపోవుచున్నది. వ్యాసుడు కాశీవాసులకు ఇవ్వబోయినది తాననుభవించుచున్న దానినే. ఆకలిగొన్నవాడు తన యాకలిని ఊరికంతటికి పంచబోయెను. అది యుచితమని మేమనుటలేదు. నిరపరాధులైన పసివారిని కూడ చేర్చి శపించుట అన్యాయమే. కాని ఆ కోపము శూన్యమునుండి పుట్టలేదు.

శాపము నోటినుండి వెలువడకమున్నే విశాలాక్షి ప్రౌఢగృహిణి రూపమున తలుపు తెఱచి అతనిని పిలుచును. ఆమె మందలింపు తీవ్రమైనదే. నీవారధాన్యముతో, కందమూలములతో, ఏరుకొన్న గింజలతో కాలము గడపు మునులు నీకంటె తెలివితక్కువవారా? గొంతుదాక భిక్షాన్నము దొరకలేదని ఇంత అంగలార్చువాడవు శాంతుడవా? నివసించు ఊరు కన్నతల్లివంటిది గదా, దానిపై ఆగ్రహమా? అని ఆమె మాటల సారము. ఈ మందలింపునే కవిహృదయముగా గ్రహించుట మన పరంపర. ఆకలిగొన్నవానికి అర్హత శాంతమే యను నీతి దీనినుండి తీయబడినది. దానమిచ్చువారు ఎందఱో నేటికిని ఈ నీతినే పట్టుకొని, తీసికొనువాడు వినయముగా లేడని కినుక వహించుట మనమెఱిగినదే.

కాని మందలింపు తరువాతి మాటలను వదలి పెట్టుట పాఠమునకు అన్యాయము చేయుట. దేవి అతనిని క్షమాపణ వేడుమనలేదు. శపింపనని మాట ఇమ్మనలేదు. ముందు భోజనమునకు రమ్మనెను. చెప్పవలసిన మాటలు తిని కూర్చున్న పిమ్మట చెప్పెదననెను. అప్పుడు వ్యాసుడు చెప్పిన సమాధానమును చూడుడు. సూర్యుడస్తమించెను, నాకు పదివేలమంది శిష్యులున్నారు, వారు తినక నేను తినుట నా వ్రతము కాదు, నేడును నిన్నటివలె పస్తే యనెను. ఇప్పటివఱకు అంగలార్చినవాడు, అన్నము ఎదుట నిలిచినపుడు, ఒంటరిగా తిననని చెప్పుచున్నాడు. శాంతుడవా యని దేవి వేసిన ప్రశ్నకు ఇది బదులు. అతని కోపములో పదివేలమంది ఆకలి కలిసియున్నదని అపుడు మనకు తెలియును. దేవి చిఱునవ్వుతో అందఱిని తోడ్కొని రమ్మనెను. ఎంతమందియని వెనుదీయలేదు, వారిలో అర్హులెవరని అడుగలేదు.

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును. భోజనానంతరము శివుడు ప్రత్యక్షమై వ్యాసుని కాశినుండి వెడలగొట్టెను గదా, కవి తీర్పు వ్యాసునికి ప్రతికూలమే గదా యని. నిజమే. శాపబుద్ధికి శిక్ష తప్పలేదు. కాని రెండు విషయములు మఱువరాదు. ఒకటి, శిక్ష అన్నము పెట్టిన పిమ్మట వచ్చినది. అన్నము నిలిపివేయుట శిక్ష కాలేదు. రెండు, అన్నము పెట్టినవారు ఒకరు, శిక్షించినవారు మఱియొకరు. పెట్టిన చేయి కొట్టలేదు. ఈ విభజనము శ్రీనాథుని లోకజ్ఞతకు నిదర్శనమని మేము భావింతుము. దానము చేయుచేతనే దండనాధికారము కూడ ఉన్నచో తినువాడు ఎంత భయముతో తినవలసి యుండునో ఊహింపవచ్చును.

ఇట్లు అన్నార్తుని మనస్సు తెలిసి పెట్టిన దాతలు మన సాహిత్యమున మఱికొందఱు గలరు. పోతన దశమస్కంధములోని కుచేలుడు వ్యాసునకు సరిగా ఎదురుదిక్కు. వ్యాసుడు అడిగి కోపించెను. కుచేలుడు అడుగనే లేకపోయెను. శ్రీకృష్ణుడు ఆతనికి సంపద లిచ్చుటకు ముందు అతని కొంగులోని అటుకులను తానే అడిగి తీసికొని తినెను. అనగా తీసికొనుటకు వచ్చినవానిని ముందు ఇచ్చువానిగా చేసెను. పిదప ఎదుట ఏమియు ఇయ్యక పంపివేసెను. కానుకలు కుచేలునికంటె ముందు ఇల్లు చేరినవి. సభలో చేతికిచ్చి పదిమందికి చూపలేదు. స్నేహితుని పేదఱికము సభకు వినోదము కారాదని ఆ దాత ఎఱుగును.

కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానకాలపు రాత్రి బాటసారులకు అన్నము పెట్టు ఘట్టము ప్రసిద్ధము. ఆ యింట అర్ధరాత్రి వినవచ్చు మాటలు దాత గొప్పలు కావు, క్షమాపణలు. కూరలు పెక్కులు లేవని, వేడిగా లేదని, పిండివంటలు లేవని చెప్పుకొని దయతో ఆరగింపుమని అతిథులను వేడుకొనును. ఇందు దయ ప్రవహించు దిక్కు మాఱినది, దయచూపవలసినవాడు తినువాడు. అంతేకాదు, ఋతువునుబట్టి వడ్డన మాఱుటను రాయలు వివరముగా చెప్పెను. ఏది పెట్టినను పుణ్యమేయని ఊరకుండక, ఈ కాలమున ఈతని దేహమునకు ఏది హితమని ఆలోచించిన దాత విష్ణుచిత్తుడు.

ఈ మూడు ఘట్టములనుండి అన్నార్తుని క్షేమమునకు మూడు అంగములు తేలుచున్నవి: తుష్టి, పుష్టి, మానము. ఆకలి తీరుట తుష్టి. దేహము నిలుచుట పుష్టి. తలయెత్తుకొని లేచిపోవుట మానము. వీనిలో ఏ యొక్కటి లోపించినను అన్నదానము సగమే.

ఆధునిక కవులయొద్దకు వచ్చునప్పటికి దేవత కథనుండి తప్పుకొన్నది. జాషువ గబ్బిలము 1941లో వెలువడినది. అందలి అభాగ్యుడు తన మొఱను పరమేశ్వరునికి విన్నవింపుమని గబ్బిలమును పంపుచున్నాడు. తనకు గుడిలో ప్రవేశము లేదు, గబ్బిలమునకు కలదు. కాశిలో వ్యాసునకు రెండు దినములు మూయబడిన తలుపు ఇతనికి పుట్టుకతోనే మూయబడినది. రాతిబొమ్మల పెండ్లిండ్లకు వెచ్చించు సొమ్మును, ఆకలిగొన్నవాని ఖాళీ పాత్రను ప్రక్కప్రక్కన నిలిపి జాషువ చూపెను. ఇతడు శపింపలేదు; ఫిర్యాదు చేసెను. శాపమునుండి ఫిర్యాదునకు వచ్చుట సాహిత్యచరిత్రలో పెద్ద మార్పు. శాపము తపోబలము గలవాని సొత్తు. ఫిర్యాదు హక్కు గలవాని సొత్తు.

1950లో వెలువడిన మహాప్రస్థానములో శ్రీశ్రీ రచించిన ‘భిక్షువర్షీయసి’ ఇంకను ఒక యడుగు ముందునకు పోయినది. దారిప్రక్క చెట్టుక్రింద ముసలిబిచ్చకత్తె తప్ప ఆ గేయములో వేఱొక మనిషి లేడు. ఈమె చనిపోయినచో పాపమెవరిదని అడుగునది గాలి. కుక్క ఏమియు అనదు. తొండ తన దారిన తాను పోవును. తుదకు ఎగిరివచ్చిన ఎంగిలాకు ఆ పాపము తనది కాదనును. అన్నిటిని విడిచి ఎంగిలాకునకే కవి నోరు ఎందులకిచ్చెనో ఆలోచింపదగును. ఎంగిలాకు ఉన్నదనగా సమీపమున ఎక్కడో విందు జరిగినదన్నమాట. ఎవరో తిని లేచిరి. అన్నము లేక కాదు, ఆమె వఱకు రాకపోవుటచేత ఆమె పస్తున్నది. ఆకు తన పాపము కాదనుట సత్యమే. తినిపాఱవేసినవారు మాత్రము గేయములోనికే రాలేదు. పాఠకుడు ఆ ఖాళీలో నిలువవలసినవాడు తానేయని గ్రహించుటయే కవి యుద్దేశము.

ఈ విచారము కావ్యములతోనే ముగియునది కాదు. మా విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడినది. ఆ సంవత్సరముననే కూనూరులో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి వ్యాధిపై ఒక చిన్న పరిశోధనకేంద్రమును ప్రారంభించెను. అది పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చి, తార్నాకలో మాకు ఇరుగుపొరుగుగా ఉన్నది. దక్కనులో జొన్నకూటిపైనే ఆధారపడిన పేదలను పెల్లాగ్రా వ్యాధి పీడించుటను చూచి, జొన్నలోని ల్యూసిన్ ఆధిక్యము దానికి కారణము కావచ్చునని గోపాలన్, శ్రీకంఠయ్య గార్లు 1960లో ప్రతిపాదించిరి. కారణము ఏదైనను, కడుపు నిండిన మాత్రమున దేహము నిలువదని, ఒకే ధాన్యముతో బ్రతుకుట క్షేమము కాదని ఆ పరిశోధనలు చాటినవి. చాటువులలో జొన్నకూటిపై విసుగుకొన్న అతిథిని మనము రుచులు మరగినవాడని నవ్వితిమి. అన్నార్తుడు వేఱొక కూర అడిగినచో అది కొవ్వు కాదు, కొన్నివేళల దేహము పెట్టు మొఱ యని ఈ సంస్థ చరిత్ర మనకు నేర్పుచున్నది. పుష్టిని గూర్చిన శాస్త్రము మా వీథికి ఆవల పెరిగినది. మానమును గూర్చిన శాస్త్రము ఈవల, మావంటి సాహిత్యశాఖలలో, పెరుగవలసియున్నది.

2014 మార్చిలో హైదరాబాదు మహానగరపాలక సంస్థ హరే కృష్ణ సంస్థతో కలిసి ఐదు రూపాయలకు భోజనము పెట్టు కేంద్రములను ప్రారంభించెను. వానికి పెట్టిన పేరు అన్నపూర్ణ. వ్యాసునకు అన్నము పెట్టిన కాశీదేవత పేరే. 2025లో అవి ఇందిరమ్మ క్యాంటీన్లైనవి. ఆ ఐదు రూపాయలు భోజనపు ఖరీదునకు చాలవని అందఱు నెఱుగుదురు. కాని వాని విలువ లెక్కలో లేదు, మానములో ఉన్నది. ఐదు రూపాయలిచ్చినవాడు పులుసు పలుచనైనదని అనగలడు. ఊరక తీసికొన్నవాడు అనలేడు. గురజాడ కన్యాశుల్కములో పూటకూళ్ళమ్మకు బాకీపడిన గిరీశము కూడ దబాయింపగలిగెను. కూడు అమ్మకమునకున్నచోట తినువాడు బేరగాడు. టంగుటూరి ప్రకాశంపంతులు తల్లి ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి బిడ్డలను పెంచినది. దానమడుగుటకంటె వంటవండి అమ్ముట మేలని ఆమె బ్రతుకు చెప్పుచున్నది.

అయినను వెలయే మానమునకు ఏకైక రక్షణ యనుట పొరపాటు. ఐదు రూపాయలు లేనివారును కలరు. వారి మానమును కాపాడునది హక్కు. 2001 నవంబరు 28న సర్వోన్నత న్యాయస్థానము ప్రభుత్వపు బడులలో పిల్లలకు వండిన భోజనము పెట్టవలెనని ఉత్తరువు చేసినది. 2013లో ఆహారభద్రతా చట్టము వచ్చినది. బడిలో ఆకు ముందు కూర్చున్న బిడ్డ ఎవరికిని కృతజ్ఞత చెప్పనక్కఱలేదు. పంక్తిలో అందఱితోపాటు కూర్చుండును. ఒకప్పుడు పంక్తిభేదమునకు పేరుపడిన మన దేశమున ఇది చిన్న విషయము గాదు. హక్కుకును, దయకును గల భేదము తలుపువద్దనే తెలియును. ఆంధ్రప్రదేశమున 2018లో తెఱచిన అన్న క్యాంటీన్లు 2019లో మూతపడి 2024లో మరల తెఱవబడినవి. నడుమ మధ్యాహ్నములలో ఆ తలుపు ముందు నిలిచినవారికి వంట కాలేదని చెప్పువారును లేకపోయిరి.

గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు (1841–1909) లంకల గన్నవరమున వేళ గాని వేళలలోను వచ్చినవారికి అన్నము పెట్టి అపరాన్నపూర్ణ యనిపించుకొనిరి. నేడు ఆంధ్రదేశపు బడిభోజన పథకమునకు ఆమె పేరే పెట్టిరి. ఆమె కీర్తి సార్థకము. ఆమె కథలు విను ప్రతిసారి మాకు తోచునది ఒక్కటి: ఆమె చేతి అన్నము తిన్న వేలమందిలో మనకు పేరు తెలిసినవారెందఱు? ఆ యింటినుండి వారెట్లు లేచిపోయిరో చెప్పిన గ్రంథమేది? దాతచరిత్రమున్నది, భోక్తచరిత్రము లేదు.

ఈ కొఱతను తీర్చుటకు పరిశోధకులకు చేయదగిన పని చాల కలదు. వారములు చేసికొని చదువుకొన్న పండితుల ఆత్మకథలు, స్మృతులు మనకు గలవు. ఏ వారము ఏ యింట ఎట్లు పెట్టిరో ఆ భోక్తలు మఱవలేదు. వానిని దాతల ఔదార్యమునకు గాక భోక్తల మనస్సునకు సాక్ష్యముగా చదువవలెను. 1952 నాటి రాయలసీమ కఱవులో గంజికేంద్రముల ముందు నిలిచినవారి పాటలు, సామెతలు, తిట్లు సైతము సేకరింపదగినవి. తిట్లను ప్రత్యేకముగా పేర్కొనుచున్నాము. వ్యాసుని శాపము కావ్యమునకెక్కినది గాని, పేదవాని శాపము ఎవ్వరును వ్రాసికొనలేదు.

ఈ వ్యాసముయొక్క చిత్తుప్రతిని ఆ విద్యార్థికి చూపితిమి. అతడు చదివి ఒక సవరణ సూచించెను. “దేవి తలుపు తీసింది అని ఊరికే రాశారు సార్. ఆయన తట్టకముందే తీసింది అని రాయండి” అనెను. మూలమును మరల చూచితిమి. అతనిమాట నిజము. ఆ చివరి యింటి తలుపును వ్యాసుడు తట్టలేదు. లోపలినుండియే పిలుపు వచ్చినది. ఇన్నేండ్ల బోధనలో మేము గమనింపని ఆ విశేషమును సహృదయులకు నివేదించి, ఈ పరిశీలనమును ముగించుచున్నాము.